కొండ జలపాతానికి ఒక్కరోజు నడక: మా ప్రణాళికను పరిశీలించి చెప్పగలరా?

ఆదివారంనడక (మొదటి రోజు, రాత్రి 8.40)

అందరికీ నమస్కారం. వచ్చే నెలలో మేము ఆరుగురం ఒక కొండ జలపాతం వరకూ నడిచి వెళ్లి, ఆ సాయంత్రానికే తిరిగి రావాలని అనుకుంటున్నాము. నేను, నా భార్య, ఇద్దరు స్నేహితులు, అరవై రెండేళ్ల మా మేనమామ, పదకొండేళ్ల మా అమ్మాయి ఈ ప్రయాణంలో ఉంటాము. మామయ్యకు రోజూ నడిచే అలవాటు ఉన్నా, కొండ ఎక్కి చాలా ఏళ్లయింది. పటం ప్రకారం దారి ఒకవైపు 6 కిలోమీటర్లు. బయలుదేరే చోటికీ జలపాతం అడుగుకూ మధ్య ఎత్తులో 600 మీటర్ల తేడా ఉంది. మొదటి 4 కిలోమీటర్లలో 250 మీటర్లు, చివరి 2 కిలోమీటర్లలో మిగిలిన 350 మీటర్లు ఎక్కాలి. దారిలో వాగును రెండు చోట్ల దాటాలి, ఎక్కడా వంతెన లేదు.

మనిషి గంటకు 5 కిలోమీటర్లు నడుస్తాడు కాబట్టి 12 కిలోమీటర్లకు రెండున్నర గంటలు చాలుననీ, మరో అరగంట ఎక్కువ వేసుకున్నా మూడు గంటలు దాటదనీ లెక్క వేశాను. ఉదయం 9 గంటలకు బయలుదేరి, 11 గంటల లోపు జలపాతం చేరుకుని, అక్కడే భోజనం చేసి, స్నానాలు ముగించి, 3 గంటలకు దిగి రావచ్చునని మా ఆలోచన. ఇందులో ఏదైనా పొరపాటు ఉంటే దయచేసి చెప్పండి.

పాతబాట (మొదటి రోజు, రాత్రి 9.55)

మీరు దూరం, ఎత్తు రెండూ విడివిడిగా రాసినందుకు సంతోషం. చాలామంది దూరం ఒక్కటే చెప్పి ఎంతసేపు పడుతుందని అడుగుతారు. అయితే, ఎత్తును రాశారు గానీ లెక్కలోకి తీసుకోలేదు.

విలియం నైస్మిత్ అనే స్కాట్లండ్ పర్వతారోహకుడు 1892లో చెప్పిన ఒక లెక్కను కొండదారుల్లో నడిచేవారు ఇప్పటికీ వాడుతున్నారు. దాన్ని మీటర్లలోకి మార్చుకుంటే, ప్రతి 5 కిలోమీటర్ల దూరానికీ ఒక గంట, ఎక్కే ప్రతి 600 మీటర్ల ఎత్తుకూ అదనంగా మరో గంట వేసుకోవాలి. మీ దారికి దీన్ని వర్తింపజేస్తే దూరానికి గంటా 12 నిమిషాలు, ఎత్తుకు ఒక గంట, మొత్తం 2 గంటల 12 నిమిషాలు వస్తుంది. ఇది వెళ్లడానికి మాత్రమే. పైగా ఇది దృఢంగా ఉండి, మంచి బాటమీద, ఆగకుండా నడిచేవారికి సరిపోయే లెక్క. పిల్లలూ పెద్దవారూ ఉన్నప్పుడు నేను దాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తాను. అంటే మీకు సుమారు 3 గంటల 20 నిమిషాలు పడుతుంది. గంటకు పది నిమిషాల చొప్పున విరామాలు కలిపితే దాదాపు 3 గంటల 50 నిమిషాలవుతుంది.

దిగేటప్పుడు తక్కువ సమయం పడుతుందని అనుకోకండి. మెల్లని వాలులో త్వరగా దిగుతాము, నిజమే. కానీ మీ చివరి 2 కిలోమీటర్లు నిటారుగా ఉన్నాయి, జలపాతం దగ్గరి బాట ఎప్పుడూ తడిగానే ఉంటుంది, అప్పటికి మోకాళ్లు అలసిపోయి ఉంటాయి. కాబట్టి దిగడానికి 3 గంటలు కేటాయించండి. పైన గడిపే ముప్పావు గంటతో కలిపి మీ రోజు ఏడున్నర గంటలకు పైగా సాగుతుంది. 9 గంటలకు బయలుదేరితే వెలుతురు ఉండగా దిగడం అనుమానమే. లోయలో సూర్యుడు కొండ వెనక్కి వెళ్లగానే, అస్తమయానికి ఎంతో ముందే నీడ కమ్ముకుంటుంది.

ఇంకొక్క మాట. ఎన్నింటికి చేరుకోవాలన్నది కాదు, ఎన్నింటికి వెనుదిరగాలన్నది ముందు నిర్ణయించుకోండి. ఉదయం 6.30కు బయలుదేరితే వెనుదిరిగే సమయం మధ్యాహ్నం 12 గంటలు. ఆ వేళకు జలపాతం పది నిమిషాల దూరంలోనే ఉందని ఎవరైనా చెప్పినా తిరగాలి. ఈ నిర్ణయం ఇంట్లోనే, అందరూ కూర్చుని ఉన్నప్పుడే జరగాలి. నీటి చప్పుడు చెవిన పడ్డాక ఆ మాట ఎవరికీ నోట రాదు.

మబ్బుచూపు (రెండో రోజు, ఉదయం 6.20)

పాతబాట గారు చెప్పిన 12 గంటల నియమానికి వెలుతురుతో పాటు వాతావరణం కూడా ఒక కారణం. ఎండ పడి కొండవాలులు వేడెక్కుతున్నకొద్దీ వాటిని ఆనుకున్న గాలి పైకి లేస్తుంది. ఆ గాలిలో తేమ ఉంటే మధ్యాహ్నానికి కొండల మీద మబ్బులు గోపురాల్లా పెరుగుతాయి. ఉదయం నిర్మలంగా ఉన్న ఆకాశం మధ్యాహ్నం రెండు, మూడు గంటలకల్లా ఉరిమేది అందుకే. మీ ఊరి సూచన కాకుండా, ఆ కొండ ఎత్తుకు సంబంధించిన సూచనను చూడండి. ఎత్తు పెరిగే కొద్దీ ప్రతి 1000 మీటర్లకూ ఉష్ణోగ్రత సగటున 6.5 డిగ్రీల చొప్పున తగ్గుతుంది. మీ 600 మీటర్లకు దాదాపు 4 డిగ్రీలు తగ్గుతుంది, తుంపరలో తడిసి నిలబడితే అంతకంటే చల్లగా అనిపిస్తుంది.

పిడుగుల విషయంలో ఒక సంగతి గట్టిగా చెప్పాలి. మెరుపు కనిపించాక 30 సెకన్లలోపు ఉరుము వినిపిస్తే పిడుగు 10 కిలోమీటర్ల లోపే ఉన్నట్టు లెక్క, ఎందుకంటే ధ్వని సెకనుకు సుమారు 340 మీటర్లు ప్రయాణిస్తుంది. అలాంటప్పుడు వెంటనే సురక్షితమైన చోటికి వెళ్లాలనీ, చివరి ఉరుము తరువాత మరో 30 నిమిషాలు ఆగాలనీ చెబుతారు. కానీ జలపాతం దగ్గర నీటి హోరులో ఉరుము వినిపించదు. చుట్టూ కొండ గోడలుంటే ఆకాశం కూడా కొద్దిగానే కనిపిస్తుంది. అందుకని పదిహేను నిమిషాలకోసారి మీలో ఒకరు హోరుకు దూరంగా నడిచి వెళ్లి, ఆకాశం బాగా కనిపించే చోట నిలబడి, చూసి, విని రావాలి. ఆ బాధ్యత ఎవరిదో ముందే నిర్ణయించుకోండి.

జోరువాన (రెండో రోజు, ఉదయం 9.05)

సమయం గురించి చెప్పినవన్నీ సరైనవే, కానీ జలపాతాన్ని చూడాలంటే పెద్ద వర్షం పడిన మరునాడే వెళ్లాలన్నది నా అభిప్రాయం. నేను అలా ఎన్నోసార్లు వెళ్లాను. ఎండాకాలంలో రాతి మీద సన్నని ధారగా జారే నీళ్లు ఆ రోజు కొండంతా కప్పుతాయి. ఆరుగురు ఇంత శ్రమపడి వెళ్లి, చివరికి బొట్లుబొట్లుగా కారుతున్న నీటిని చూసి రావడం బాధగా ఉండదా? వాగు కొంచెం ఉద్ధృతంగా ఉంటే ఒక తాడు తీసుకువెళ్లి, నడుముకు కట్టుకుని దాటవచ్చు.

నీటిచెలమ (రెండో రోజు, మధ్యాహ్నం 1.30)

జోరువాన గారూ, నిండు జలపాతం ఎంత అందంగా ఉంటుందో నాకూ తెలుసు, ఆ కోరికను తప్పుపట్టను. అయితే ఈ దారిలో వంతెన లేని దాటులు రెండున్నాయి, పదకొండేళ్ల పాప ఉంది. జలపాతానికి నీరు పంపే పరివాహక ప్రాంతం చిన్నదిగా, నిటారుగా ఉంటే పైన కురిసిన వాన నిమిషాల్లోనే కిందికి చేరుతుంది. మనం నిలబడిన చోట ఎండ కాస్తూ ఉండగానే, కనబడని శిఖరం అవతల పడిన వాన వాగును పెంచగలదు. నీటికి అవతల చిక్కుకుపోయిన వారిలో చాలామంది వెళ్లేటప్పుడు పాదాలు మునిగేంత నీటిలోనే దాటి ఉంటారు.

తాడు గురించి కూడా వినయంగా విభేదిస్తున్నాను. పారే నీటిలో మనిషిని తాడుతో కట్టేస్తే, అతడు పడిపోయినప్పుడు తాడు బిగుసుకుంటుంది, ప్రవాహం అతణ్ణి నీటి కిందికే నొక్కి ఉంచుతుంది. దాన్నుంచి తప్పించే శిక్షణ మనకు ఉండదు. తాడు ఉంటేనే దాటగలమనిపించిన వాగును దాటకూడదు.

ఏ రోజు వెళ్లాలన్న దానికి నా సూచన ఇది. వర్షాకాలం ముగిసి, రెండు మూడు వారాలు పెద్ద వానలు లేకుండా గడిచిన తరువాత వెళ్లండి. అప్పటికి నేలలోనూ రాతి పగుళ్లలోనూ ఇంకిన నీరు ఊటలుగా వాగులోకి వస్తూనే ఉంటుంది కనుక జలపాతం నిండుగానే ఉంటుంది. బురద తేరుకుని నీరు తెల్లగా కనిపిస్తుంది, వాగు మట్టం కూడా నిలకడగా ఉంటుంది. మంచు కరిగి పారే కొండల్లో మాత్రం లెక్క వేరు. పగలంతా కరిగిన మంచునీరు కిందికి చేరడానికి గంటలు పడుతుంది కాబట్టి అక్కడి వాగులు తెల్లవారుజామున తక్కువగా, మధ్యాహ్నం తరువాత, సాయంత్రం వేళ ఎక్కువగా పారుతాయి. ఉదయం చీలమండల దాకా ఉన్న నీరు తిరిగి వచ్చేసరికి తొడల దాకా ఉండవచ్చు. మీ వాగు ఏ రకమో ఆ దారి తెలిసినవారిని అడిగి తెలుసుకోండి.

దాటే ముందు నీటి అంచున ఒక రాయిని గుర్తుగా పెట్టండి. దగ్గరగా ఉన్న బండ మీద తడి ఎంతవరకు ఉందో ఫోటో తీసుకోండి. తేటగా ఉన్న నీరు ఉన్నట్టుండి మట్టిరంగుకు మారినా, ఆకులూ కొమ్మలూ కొట్టుకువస్తున్నా, నీటి చప్పుడు బరువెక్కినా, అంతెందుకు, అకస్మాత్తుగా నీరు తగ్గిపోయినా ఆలోచించకుండా ఎత్తుకు వెళ్లాలి. తగ్గడం ఎందుకు ప్రమాదమంటే, పైన చెట్లో మట్టో అడ్డుపడి నీటిని ఆపి ఉండవచ్చు. ఆ అడ్డు తెగితే నీరంతా ఒక్కసారిగా వస్తుంది.

ఆదివారంనడక (రెండో రోజు, సాయంత్రం 7.15)

ఇంత వివరంగా రాసినందుకు అందరికీ కృతజ్ఞతలు. నా లెక్క ఎంత తప్పో ఇప్పుడు అర్థమైంది. వాగు దాటడం గురించి మరికొంత చెప్పగలరా? నీరు ఎంత లోతుంటే దాటవచ్చు? బూట్లు విప్పి దాటాలా, వేసుకునే దాటాలా?

రాతిమెట్టు (రెండో రోజు, రాత్రి 10.10)

లోతు ఎంత అన్న ప్రశ్నకు లోతుతో మాత్రమే జవాబు చెప్పలేము. నీటి వేగం రెట్టింపైతే అది మన కాళ్ల మీద చూపే తోపు నాలుగు రెట్లవుతుంది. నేను పాటించే పద్ధతి చెబుతాను. ఒక చిన్న పుల్లను నీటిలో వేసి, గట్టు వెంట దానితో పాటు నడిచి చూస్తాను. మామూలు నడకతో దాన్ని అందుకోలేకపోతే, నీరు మోకాలి దాకా కూడా వస్తుంటే, ఆ చోట దాటను. ఇక్కడ మోకాలు అంటే మీ అమ్మాయి మోకాలు.

వాగు ఇరుకుగా ఉన్న చోట దాటడం తేలికనిపిస్తుంది కానీ నీరంతా అక్కడే లోతుగా, వేగంగా పోతుంది. వెడల్పుగా, గులకరాళ్ల మీద పలచగా పరుచుకుని పారే చోటు వెతకండి. దాటే ముందు దిగువకు చూసి, ఇక్కడ కాలు జారితే ఎక్కడికి కొట్టుకుపోతానని ప్రశ్నించుకోండి. దిగువన జలపాతమో, అడ్డంగా పడిన చెట్టో, బండల ఇరుకో ఉంటే అక్కడ చీలమండల లోతున్నా దాటకూడదు. బూట్లు వేసుకునే దాటండి. కనబడని రాళ్ల మీద ఉత్త పాదం నిలవదు, వేళ్లు దెబ్బతింటే మిగిలిన నడకంతా నరకమవుతుంది. మేజోళ్లు విప్పి పొడిగా దాచుకుని, అవతలి గట్టున తొడుక్కోవచ్చు. వీపుసంచి నడుము పట్టీ, ఛాతీ పట్టీ రెండూ విప్పేయండి, పడితే సంచిని వెంటనే వదిలించుకోగలగాలి. ముఖం ఎగువకు పెట్టి, చేతికర్రను ముందు ఆనించి, ఒక్కో అడుగూ ఈడుస్తూ పక్కకు కదలండి. కర్ర, రెండు పాదాలు, ఈ మూడింటిలో ఒక్కసారి ఒక్కటే కదలాలి.

నేను ఎక్కువగా భయపడేది మాత్రం వాగుకు కాదు, రాతికి. జలపాతం చుట్టూ ఉన్న బండలు తుంపరతో ఎప్పుడూ తడిసి, పాకుడు పట్టి ఉంటాయి. పచ్చని నాచు కనబడుతుంది కాబట్టి తప్పించుకుంటాము, నల్లగా నున్నగా మెరిసే బండ మామూలు తడిలాగే కనిపించి మోసం చేస్తుంది. నేనొకసారి అలాంటి బండ మీద కాలు పెట్టాను. జారినట్టు కూడా తెలియలేదు, తెలిసేసరికి మోచేయి నేలను తాకి ఉంది, చేతిలోని సీసా పది అడుగుల కింద నీటిలో తేలుతోంది. అంచుకు ఇంకో రెండు గజాలు దగ్గరగా ఉంటే ఏమయ్యేదో ఇప్పటికీ తలుచుకోవడం ఇష్టముండదు.

జలపాతం పైభాగానికి వెళ్లే పక్కదారి ఉంటే దయచేసి దాని జోలికి వెళ్లకండి. పైన నీరు మెల్లగా, లోతు లేకుండా, ఆహ్వానిస్తున్నట్టు ఉంటుంది. అంచు దగ్గర బండ బయటికి వాలి ఉంటుంది కాబట్టి కింద ఏముందో చూడాలంటే ఇంకొక్క అడుగు వేయాలనిపిస్తుంది. ఫోటో కోసం వెనక్కి నడిచే అలవాటు కూడా అక్కడ ప్రాణం తీస్తుంది. జలపాతాన్ని చూడవలసింది కింది నుంచే, కొంత దూరం నుంచే.

వెన్నెలబడి (మూడో రోజు, ఉదయం 7.45)

నేను బడిపిల్లలను కొండదారుల్లో నడిపించే ఉపాధ్యాయురాలిని. నెమ్మదిగా నడిచేవారు వెనకబడిపోవడమే బృందాలలో తరచూ జరిగే పొరపాటు. ముందున్నవారు ఆగి విశ్రాంతి తీసుకుంటారు, వెనకున్నవారు చేరుకోగానే లేచి నడుస్తారు. ఎక్కువ విశ్రాంతి అవసరమైనవారికే విశ్రాంతి దొరకదు. కాబట్టి మీ మామయ్యనూ పాపనూ ముందు నడవనివ్వండి, వారి వేగమే అందరి వేగం కావాలి. దారి తెలిసిన ఒకరు అందరికంటే చివర నడవాలి. దారి చీలిన ప్రతి చోటా ఆరుగురూ కలిసే దాకా ఎవరూ ముందుకు సాగకూడదు.

హోరు ఉరుమును మింగుతుందని మబ్బుచూపు గారు రాశారు. అది మనిషి కేకను కూడా మింగుతుంది. పది అడుగుల దూరం నుంచి ఆగమని అరిచినా పిల్లలకు వినపడదు. ఆగు, ఇటు రా, వెనక్కి వెళ్లు అనే మూడు చేతిసైగలను ఇంట్లోనే అలవాటు చేయండి. ప్రతి ఒక్కరి మెడలో ఒక ఈల ఉండాలి. కొండల్లో ఆపద సంకేతంగా నిమిషంలో ఆరుసార్లు ఈల వేసి, ఒక నిమిషం ఆగి, మళ్లీ ఆరుసార్లు వేస్తారు. విన్నవారు నిమిషానికి మూడుసార్లు ఈలవేసి జవాబిస్తారు. కొన్ని దేశాలలో మూడు ఈలలనే ఆపద సంకేతంగా తీసుకుంటారు కాబట్టి సరదాకు ఎవరూ ఈల వేయకూడదని పాపకు ముందే చెప్పండి.

బూట్లు కొత్తవైనా పాతవైనా బయలుదేరే ముందు కనీసం వారం రోజులు వేసుకుని నడవాలి. అరల్లో దాచిన బూట్లతో నేరుగా కొండకు రావద్దని నేను పిల్లల తల్లిదండ్రులకు ప్రతిసారీ చెబుతాను.

ఆదివారంనడక (మూడో రోజు, రాత్రి 8.20)

అమ్మాయి స్నానం గురించి పదేపదే అడుగుతోంది. జలపాతం కింద మడుగు ఉందని ఫోటోల్లో చూసింది. కొంచెంసేపు దిగనిస్తే ప్రమాదమా?

నీటిచెలమ (మూడో రోజు, రాత్రి 9.40)

ధార పడే మడుగులో దిగనివ్వకండి. పడే నీటితో పాటు గాలి కూడా లోపలికి పోయి నీరంతా నురుగవుతుంది. ఆ నురుగునీటి సాంద్రత తక్కువ కాబట్టి అందులో మనిషి మామూలుగా తేలినట్టు తేలడు, చేతులు కొట్టినా పట్టు దొరకదు. ధార వెనుక నీరు సుడి తిరిగి మళ్లీ ధార కిందికే లాగుతుంది. మడుగు అడుగున ఇరుక్కున్న కొమ్మలూ బండలూ పైకి కనిపించవు. ధారతో పాటు పైనుంచి రాళ్లు కూడా పడుతుంటాయి, ఈ మాట చాలామందికి తట్టదు.

నీరు 15 డిగ్రీల కంటే చల్లగా ఉంటే ఇంకో ప్రమాదముంది. ఒక్కసారిగా అందులో మునిగితే మన ప్రమేయం లేకుండానే గుప్పున ఊపిరి పీల్చుకుంటాము. ఆ క్షణంలో నోరు నీటిలో ఉంటే బాగా ఈతవచ్చినవారు కూడా మునిగిపోగలరు. మొదటి నిమిషం, రెండు నిమిషాలు శ్వాస అదుపులో ఉండదు.

పాప కోరిక పూర్తిగా కాదనవలసిన అవసరం లేదు. మడుగుకు బాగా దిగువన, నీరు పలచగా, నిదానంగా పారే చోట, కింద మరో జలపాతం లేదని మీరు స్వయంగా చూసుకున్నాక, చీలమండల లోతులో పెద్దవారి చెయ్యి పట్టుకుని ఆడనివ్వండి. తరువాత వెంటనే పొడిబట్టలు మార్చండి. నీరు గాలికంటే సుమారు 25 రెట్లు వేగంగా శరీరంలోని వేడిని లాగేస్తుంది. తడిసిన నూలు బట్టలు త్వరగా ఆరవు కనుక నడిచేటప్పుడు నూలు కాకుండా త్వరగా ఆరే బట్టలు వేసుకోండి.

జోరువాన (మూడో రోజు, రాత్రి 11.00)

తాడు గురించి నీటిచెలమ గారు రాసినది నిన్నంతా ఆలోచించాను. ఇంతకాలం నేను చేసింది అదృష్టం మీద ఆధారపడినదేనని ఒప్పుకుంటున్నాను. అయినా వానాకాలపు జలపాతం మీద నా ఇష్టం పోదు. వాగు దాటనవసరం లేని దారి, గట్టి కటకటాలు కట్టిన వీక్షణస్థలం ఉన్న జలపాతాలకు ఇకపై ఆ రోజుల్లో వెళ్తాను. ఆదివారంనడక గారూ, తాగునీటి విషయం ఎవరూ చెప్పలేదు. మనిషికి గంటకు అర లీటరు చొప్పున లెక్కవేసుకుంటే మీ అందరికీ తలా మూడు లీటర్లకు పైగా కావాలి. తేటగా ఉందని వాగునీరు నేరుగా తాగకండి, ఎగువన జంతువులు తిరుగుతాయి. తప్పనిసరైతే తెర్లేలా ఒక నిమిషం, 2000 మీటర్లకు పైన ఉంటే మూడు నిమిషాలు మరిగించాలి.

ఆదివారంనడక (ఐదో రోజు, ఉదయం 6.50)

మార్చిన ప్రణాళిక ఇది. వానలు ఆగిన మూడు వారాల తరువాత వెళ్తాము. ఉదయం 6.30కు నడక మొదలు, 10.20కి జలపాతం, ఎట్టి పరిస్థితిలోనూ 12 గంటలకు వెనుదిరగడం, 3 గంటలకల్లా కింద ఉండడం. ముందురోజు వర్షం కురిస్తే వాయిదా. రెండు దాటులలో ఏ ఒక్కటి సందేహంగా ఉన్నా అక్కడి నుంచే వెనక్కి. అటవీ ప్రాంతం కనుక అనుమతి తీసుకున్నాము. వానపడిన రోజుల్లో దారి మూసేస్తారని అక్కడివారు కూడా చెప్పారు.

పాతబాట (ఐదో రోజు, ఉదయం 8.30)

చాలా బాగుంది. ఇక మూడు చిన్న విషయాలు మిగిలాయి. రాని మనిషి ఒకరి దగ్గర మీ దారి, పేర్లు, వాహనం నిలిపే చోటు రాసిపెట్టండి. సాయంత్రం 5 గంటల దాకా మీ నుంచి కబురు రాకపోతే ఎవరికి ఫోన్ చేయాలో కూడా ఆ కాగితంలోనే ఉండాలి. రెండోది, లోయలో ఫోన్ సంకేతం అందదు. కొండ గోడలకు తగిలి ఉపగ్రహ సంకేతాలు చెదరడం వల్ల పటంలో మన చుక్క కూడా అటూఇటూ గెంతుతుంది. పటాన్ని ముందే ఫోన్‌లో దించుకోండి, కాగితపు పటం ఒకటి ఉంచుకోండి. మూడోది, పగటి నడకే అయినా తలకు కట్టుకునే దీపం తలా ఒకటి తీసుకోండి. చేతి దీపం పట్టుకుంటే కర్ర పట్టుకునే చెయ్యి పోతుంది.

నీటి సీసాకు రెండు మూడు మీటర్ల గట్టి అతుకు టేపు చుట్టి ఉంచుకోండి. బరువుండదు. ఎందుకని అడిగితే ఫలానా అవసరానికని చెప్పలేను కానీ, ప్రతి రెండు మూడు ప్రయాణాలలో ఒకసారి నాకది పనికి వస్తూనే ఉంది.

ఆదివారంనడక (ముప్పై నాలుగో రోజు, రాత్రి 9.15)

నిన్న వెళ్లి క్షేమంగా తిరిగి వచ్చాము. మీ అందరికీ చెప్పవలసిన బాధ్యత ఉంది కాబట్టి సమయాలతో సహా రాస్తున్నాను. దారిలోని గుర్తులన్నిటి దగ్గరా మా అమ్మాయి ఒక చిన్న పుస్తకంలో వేళలు రాసుకుంది.

6.35కు బయలుదేరాము. మామయ్య, అమ్మాయి ముందు నడిచారు. 7.50కి మొదటి దాటు, 9.10కి రెండోది. నీరు పాప పిక్కల సగం వరకూ వచ్చింది, పుల్ల మా నడకకంటే నెమ్మదిగా సాగింది. నీటి అంచున తెల్లని గులకరాయి ఒకటి పెట్టాము. విరామాలతో కలిపి 10.40కి జలపాతం చేరాము, అంటే 4 గంటల 5 నిమిషాలు. ముందు అనుకున్న దానికంటే పావుగంట ఎక్కువ పట్టింది. చివరి మలుపు తిరగకముందే చల్లని గాలి ముఖానికి తగిలింది, ఆకులన్నీ ఒకే లయలో వణుకుతూ కనిపించాయి, ఆ తరువాతే నీరు కనిపించింది. హోరులో ఒకరి మాట ఒకరికి నిజంగానే వినపడలేదు. సైగలు నేర్చుకుని ఉండకపోతే పాపను నల్లబండ దగ్గర ఆపగలిగేవాణ్ణి కాను.

11.25కు వెనుదిరిగాము. ఇరవై నిమిషాలు దిగామో లేదో, మామయ్య కుడి బూటు అడుగుభాగం మొత్తం ఊడి వచ్చింది. రెండుసార్లే వేసుకున్న కొత్త బూట్లని ఆయన అన్నారు, కానీ అవి కొని ఎనిమిదేళ్లయిందట. మధ్యలోని పొర పొడిపొడిగా రాలింది. పాతబాట గారు చెప్పిన టేపును బూటు చుట్టూ ఎనిమిది చుట్లు చుట్టి, పైన తాడుతో కట్టాము. అది పాకుడు మీద జారుతుంది కాబట్టి నిటారుగా ఉన్న భాగమంతా ఆయన్ని ఇద్దరం చెరోపక్క పట్టుకుని దించాము. తిరిగి వచ్చేసరికి గులకరాయి నీటికి రెండు వేళ్ల ఎడంలో అలాగే ఉంది. 3.10కి కిందికి చేరాము. దిగడానికి 3 గంటల 45 నిమిషాలు పట్టింది. అప్పటికే శిఖరం మీద మబ్బు నల్లబడింది, వాహనంలో కూర్చున్నాక చినుకులు మొదలయ్యాయి. 3.25కు ఇంటికి కబురు పంపాము. నా మొదటి ప్రణాళిక ప్రకారం 9 గంటలకు బయలుదేరి ఉంటే, ఆ విరిగిన బూటుతో, వానలో, ఇంకా దిగువ వాగును దాటుతూ ఉండేవాళ్లం.

రాతిమెట్టు (ముప్పై నాలుగో రోజు, రాత్రి 10.30)

మీరందరూ క్షేమంగా వచ్చినందుకు చాలా సంతోషం. బూటు విషయంలో మామయ్య గారి తప్పేమీ లేదు. చాలా బూట్ల అడుగున మెత్తదనం కోసం పాలీయురేథేన్ పొర వేస్తారు. అది గాలిలోని తేమతో చర్య జరిపి, వాడకపోయినా కొన్నేళ్లలో పెళుసుబారుతుంది. పైకి కొత్తగానే కనిపిస్తుంది. బొటనవేలితో గట్టిగా నొక్కినప్పుడు గుంటపడినా, సన్నని పగుళ్లు విచ్చుకున్నా ఆ జత కొండకు పనికిరాదు.

పాతబాట (ముప్పై ఐదో రోజు, ఉదయం 6.40)

పాప రాసిన పుస్తకాన్ని జాగ్రత్తగా దాచండి. నైస్మిత్ లెక్క ప్రకారం మీకు 132 నిమిషాలు, వాస్తవంగా పట్టింది విరామాలతో 245 నిమిషాలు. అంటే మీ బృందం గుణకం సుమారు 1.85. నేను ఊహించి చెప్పిన ఒకటిన్నర రెట్ల కంటే ఇది ఎంతో నమ్మదగినది, ఎందుకంటే ఇది మీ కాళ్లు చెప్పిన సంఖ్య. తరువాతి దారికి దీన్నే వాడండి.

ఆదివారంనడక (ముప్పై ఐదో రోజు, రాత్రి 8.00)

ఇప్పుడే అమ్మాయితో కలిసి లెక్క వేశాము. మేము చూస్తున్న తరువాతి జలపాతం 4 కిలోమీటర్ల దూరంలో, 300 మీటర్ల ఎత్తులో ఉంది. దూరానికి 48, ఎత్తుకు 30, మొత్తం 78 నిమిషాలు. దాన్ని 1.85తో హెచ్చిస్తే 144 నిమిషాలు వచ్చింది, అంటే 2 గంటల 24 నిమిషాలు. వెనుదిరిగే సమయాన్ని పుస్తకంలో మొదటి పేజీలోనే రాసుకుంది. మామయ్య ఈ ఉదయం కొత్త బూట్లు కొని, సాయంత్రం వాటితోనే నడకకు వెళ్లివచ్చారు.